నెర్రెలిచ్చిన మట్టి

గ్యాసు ఊరే బొగ్గుగనిలో తూటాలు పేల్చడం నా ఉద్యోగం. ఆదోనిలో ఎవరితోనైనా ఈ మాట అంటే ముందు నా చేతులకేసి చూస్తారు, పది వేళ్ళూ ఉన్నాయా లేవా అని. ఉన్నాయి. అది నా తెలివివల్లే అనుకునేవాళ్ళకు మాత్రం ఒక సంగతి చెప్పాలి. నన్ను ఒకరోజు కాపాడింది కూరలో వేసుకునే ఉప్పు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా కాపాడింది ఎమ్మిగనూరు పక్క పల్లెలో పుట్టిన ఒక అక్క. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు చదువుతారనే ఇది రాస్తున్నాను. నా తప్పు ఇందులో దాచలేదు.

మాది హొళగుంద వైపు ఒక పల్లె. మా ఇంట్లో సగం మాటలు కన్నడం, సగం తెలుగు. ఉన్న నాలుగెకరాలూ నల్లరేగడి. పత్తి పండితే ఆదోని మిల్లులకు తోలేవాళ్ళం, పండకపోతే ఆకాశంకేసి చూసేవాళ్ళం. వేసవిలో మా చేను చూస్తే భయం వేసేది. నేలంతా నెర్రెలిచ్చి, ఒక్కో నెర్రె మోకాలి లోతు ఉండేది. ఒకసారి మేకపిల్ల కాలు అందులో ఇరుక్కుపోతే నేనూ మా నాయనా పలుగుతో తవ్వి తీశాం. ఈ మేకపిల్లను గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు కాబట్టే ఈ కథ పుట్టింది.

మైనింగు డిప్లొమా చదివి, గోదావరి ఒడ్డున ఒక గనిలో చేరి, పరీక్షలు రాసి షాట్‌ఫైరర్‌నయ్యాను. బొగ్గుకు రంధ్రాలు వేయించి, వాటిలో తూటాలు పెట్టి పేల్చేవాణ్ణి షాట్‌ఫైరర్ అంటారు. మా గనిలో బొగ్గుతోపాటు మీథేన్ అనే గ్యాసు ఊరుతుంది. రంగు లేదు, వాసన లేదు. గాలిలో తగుపాళ్ళలో కలిస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. అగ్గిపెట్టె లోపలికి తీసుకుపోతే ఉద్యోగం పోయే చోట, నేను రోజూ మందు పేల్చాలి. ఈ ముక్క మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత నిద్ర పట్టలేదు.

శిక్షణలో మమ్మల్ని ఒక పరీక్షశాలకు తీసుకెళ్ళారు. పొలం మధ్యలో పెద్ద ఇనుప గొట్టం, మనిషి నిలబడి నడిచేంత. అందులోకి గ్యాసూ గాలీ కలిపి నింపి, ఒక కొస మూసి, రెండో కొసన ఫిరంగి లాంటిదాన్ని అమర్చారు. ముందు రాతిక్వారీల్లో వాడే మామూలు మందు పేల్చారు. గొట్టం మూతిలోంచి మంట బారెడు పొడుగున బయటికొచ్చింది. మేము దూరంగా గోడ వెనక ఉన్నా ముఖానికి వేడి తగిలింది. మళ్ళీ గ్యాసు నింపి, ఈసారి గ్యాసు గనుల కోసమే అనుమతించిన మందు పేల్చారు. దబ్‌మని ఒక శబ్దం, అంతే. మంట లేదు. అదే గొట్టం, అదే గ్యాసు.

నేర్పించే మాస్టారు మా ముఖాలు చూసి నవ్వాడు. "దీంట్లో ఉప్పు కలుపుతారు. మీ అమ్మ చారులో వేసే ఉప్పే. మందు పేలినప్పుడు మంట పుడుతుంది, కాదనను. కానీ గ్యాసు ఆ మంటను అందుకోవడానికి కాస్త సమయం కావాలి. కనురెప్ప పడే సమయంలో చాలా చిన్న ముక్క అది. ఆలోపే ఉప్పు ఆ మంటను చల్లార్చేస్తుంది."

అంత చిన్న సమయంలో ఎవరు బతకాలో ఎవరు పోవాలో ఉప్పు తేలుస్తుందంటే, ఆ రోజు నుంచి మెస్సులో ఉప్పు గిన్నె ముట్టుకోవాలన్నా ఒకరకమైన గౌరవం కలిగేది. తోటివాళ్ళు ఎగతాళి చేశారు. మాస్టారు చివర్లో ఇంకో మాట అన్నాడు. "ఉప్పు సగం పని చేస్తుంది. రంధ్రం మూతిని మట్టితో గట్టిగా మూయడం మిగతా సగం. ఆ సగం మీది." ఉప్పు గురించి విన్నంత శ్రద్ధగా మట్టి గురించి వినలేదు నేను.

మట్టి అంటే ఏముంది అనుకుంటారు కదా. తూటాలు పెట్టాక రంధ్రంలో మిగిలిన ఖాళీని తడిమట్టి కడ్డీలతో నింపి, కర్రతో మెత్తగా దట్టించాలి. మట్టి అన్నివైపులా పరుచుకుని రంధ్రం గోడను పట్టుకోవాలి. అప్పుడు మందు బలమంతా బొగ్గు మీదికి పోతుంది. పట్టు లేకపోతే తుపాకీలోంచి గుండు వచ్చినట్టు మట్టి బయటికి ఎగిరిపోయి, దాని వెంబడే మంట గ్యాలరీలోకి, అంటే మేం నడిచే సొరంగంలోకి వస్తుంది.

ఆ కడ్డీలు గని పైన ఒక రేకుల షెడ్డులో తయారయ్యేవి. చేసేది ఒక అక్క. ఎమ్మిగనూరు దగ్గర కూలి కుటుంబంలో పుట్టి, బొగ్గు నింపే పనివాణ్ణి పెళ్ళి చేసుకుని అక్కడికొచ్చింది. ఆయన జబ్బుచేసి పోతే ఆ పని ఈమెకిచ్చారు. ఏడాది చూసి ఖాయం చేస్తామన్నారు. ఇద్దరు ఆడపిల్లలు బడిలో ఉన్నారు. పొద్దున్నే షెడ్డులో కాసేపు ప్రార్థన చేసుకుని మట్టి కలపడం మొదలుపెట్టేది. నా యాస వినగానే, "యా ఊరప్పా మీది?" అని అడిగింది. హొళగుంద అన్నాను. "అయితే మా సీమోడివే," అని చేతిమట్టి దులుపుకుని రొట్టెముక్క పెట్టింది. ఆ రోజు నుంచి నేను తమ్ముణ్ణి.

అక్క వాడేది ఇసుక కలిపిన ఎర్రమట్టి. దాన్ని గనివాళ్ళే లారీలో తోలించేవాళ్ళు. ఆ కడ్డీలు నాకు నచ్చేవి కాదు. చేతిలో పట్టుకుంటే చివర్లు రాలేవి, గరుగ్గా ఉండేవి. షెడ్డు వెనక వాగు ఒడ్డున మాత్రం నిగనిగలాడే నల్లమట్టి ఉండేది, అచ్చం మా చేను మట్టే. చూసి ప్రాణం లేచొచ్చింది. ఒక శుక్రవారం వెళ్ళి, "అక్కా, ఈ ఇసకమట్టి వద్దు. వాగు కాడుండే రేగడితో చెయ్యి. జిగట బాగుంటాది," అన్నాను.

అక్క చెయ్యి ఆపింది. "రేగడి నెర్రెలిస్తాదప్పా. ఎండితే ముడుసుకుంటాది. నీకు తెల్దా, మీదీ రేగడి సేనే కదా?"

"ఎండేదానికి గనిలో ఎండ యాడుంటాదక్కా?" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నా తెలివి మీద ముచ్చటేసింది.

"ఎండ లేకపోయినా గాలి ఉంటాది కదప్పా."

"నేను సెప్తాండా కదా, చెయ్యి."

ఈ చివరి మాట అన్నప్పుడు నేను తమ్ముణ్ణి కాదు, షాట్‌ఫైరర్‌ని. అక్క పార తీసుకుని వాగువైపు పోయింది. శనివారం రెండు బుట్టల నల్ల కడ్డీలు తయారయ్యాయి. నున్నగా, అందంగా, పట్టుకుంటే చేతికి వెన్నలా ఉన్నాయి. తడి గోనెపట్టా కప్పి కిందికి పంపింది. ఆదివారం సెలవు. బుట్టలు పెట్టిన దారిలో ఫ్యాను లాగే గాలి రాత్రీ పగలూ వీస్తూనే ఉంటుంది.

సోమవారం పొద్దుటి షిఫ్టు. మొత్తం అయిదుగురం. డ్రిల్లు పట్టే పెద్దాయన కరీంనగర్ వైపు మనిషి, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, ఎప్పుడూ తొందరపడడు. రంధ్రాలు వేసి పక్కకు జరిగాడు. నేను దీపంతో గ్యాసు చూశాను. సేఫ్టీ ల్యాంపు వత్తి బాగా తగ్గించి నెమ్మదిగా పైకప్పు దాకా ఎత్తితే, గ్యాసు ఉంటే ఆ చిన్న మంట నెత్తిన నీలం రంగు టోపీ కనిపిస్తుంది. ఏమీ కనిపించలేదు. పేల్చవచ్చు.

తూటాలు పెట్టి కడ్డీలు తీశాను. పట్టా ఆరిపోయి అట్టలా ఉంది. కడ్డీలు శనివారం కంటే సన్నబడి, గట్టిపడి ఉన్నాయి. కర్రతో దట్టిస్తే మెత్తగా దిగాల్సింది పోయి టక్కుటక్కుమని చప్పుడు.

"ఏంది సారూ, గట్టిగున్నయి?" అన్నాడు పెద్దాయన.

"గట్టిగుంటే మంచిదేగా."

"గట్టిగున్నదంటే గోడకు పట్టలేదన్నట్టు."

నేను విననట్టు తర్వాతి రంధ్రానికి జరిగాను. ఒక మనిషి శుక్రవారం చెప్పింది, ఇంకో మనిషి సోమవారం చెప్పాడు, నా చేతిలో కర్ర కూడా చెప్పింది. ఇంతమంది చెప్పినా వినకపోవడానికి మనిషి ఎంత చదువుకోవాలో ఆలోచించండి.

అందరం మలుపు తిరిగి గోడ చాటుకు వచ్చాం. కేకేసి హెచ్చరించి, తూటాలు పేల్చే యంత్రంలో తాళంచెవి తిప్పాను. రంధ్రాలు వరసగా, కొద్ది కొద్ది తేడాతో పేలతాయి. దబ్, దబ్, దబ్. ఈ చప్పుడు నాకు అలవాటే, కడుపులో తగులుతుంది. తర్వాతిది అలా రాలేదు. చెవి పక్కన కొరడా ఝుళిపించినట్టు ఛళ్ళుమంది. దానితోపాటు, మలుపుకు అవతలి గోడ మీద వెలుతురు పడింది.

గనిలో నెత్తిమీది లైట్లు తప్ప వెలుతురన్నది ఉండదు. అది మా లైట్ల వెలుతురు కాదు. పసుప్పచ్చగా, బొగ్గులో ప్రతి గీతా ప్రతి మెరుపూ కనిపించేంత కాంతి. అవతలి గోడ అంత అందంగా ఉంటుందని నాకప్పుడే తెలిసింది. ఏళ్ళ తరబడి దాని పక్కనే నడిచి, ఒక్కసారి కూడా చూడలేదు. పెద్దాయన నా భుజం పట్టుకుని కిందికి గుంజాడు. నేలకు బోర్లా పడి, దాని వెనకాల రావలసిన రెండో చప్పుడు కోసం ఎదురుచూశాం. అలాంటి వెలుతురు వెనకే గ్యాసు పేలుతుందని, ఆ చప్పుడు విన్నవాళ్ళు బతకరని మాకందరికీ తెలుసు.

చప్పుడు రాలేదు. చీకటి మళ్ళీ చీకటిగానే ఉంది. ఎవరో దగ్గారు. నా పెదాల మీద పొగ తాలూకు దుమ్ము పడి, ఉప్పగా తగిలింది.

పొగ తగ్గేదాకా ఆగి, పెద్దాయనా నేనూ దీపం పట్టుకుని ముందుకు పోయాం. పేల్చినచోటికి ఇంకా పదడుగులు ఉండగానే వత్తి తగ్గించి దీపం నెమ్మదిగా ఎత్తాను. చిన్న పసుపు మంట నెత్తిన నీలం టోపీ లేచింది. ఇంకొంచెం ఎత్తితే టోపీ పెరిగి పెరిగి దీపం చుట్టూ ఉన్న ఇనుప జాలీని నింపబోయింది. దీపాన్ని అంతే నెమ్మదిగా దించి వెనక్కి నడిచాను. మొదటి తూటాలు బొగ్గును పగలగొట్టినప్పుడు లోపల దాగిన గ్యాసు బయటికొచ్చింది. ఆ గ్యాసు మధ్యలోంచే నా మంట దూసుకుపోయింది. అంటుకోలేదు. ఇనుప గొట్టం దగ్గర చూసిన వింత నా మీదే, నా నలుగురు మనుషుల మీదే జరిగింది. మలుపు దాటాక కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది, సిగ్గుపడలేదు.

పరదాలు కట్టి గాలి మళ్ళించి, గ్యాసు పూర్తిగా పోయాక మేనేజరుతో కలిసి లోపలికి వెళ్ళాం. మూడు రంధ్రాలు బొగ్గును దించాయి. నాలుగోది మాత్రం గొట్టంలా అలాగే ఉంది, మూతి చెక్కుచెదరలేదు. ఎదురుగా పైకప్పుకు ఆనించిన కర్ర గుంజలో ఒక నల్లటి ముద్ద మేకులా దిగబడి ఉంది. నా కడ్డీ ముక్క అది. బుట్టలో మిగిలిన వాటిని మేనేజరు లైటు కింద పెట్టాడు. నిలువునా, అడ్డంగా, సన్నని గీతలు. నెర్రెలు. మా చేను మొత్తం నా అరచేతిలోకి వచ్చి కూర్చుంది. మేకపిల్ల అప్పుడు గుర్తొచ్చింది.

పైకొచ్చాక ఆఫీసులో కాగితాలు మొదలయ్యాయి. మేనేజరు చెడ్డవాడు కాదు, కానీ కోపంగా ఉన్నాడు. "మట్టి చేసేదెవరు? పిలవండి," అన్నాడు. ఈలోగా గుమస్తా రాయడం మొదలుపెట్టాడు. ఆమె నిర్లక్ష్యం వల్ల, పనికిరాని మట్టి వల్ల, అని. ఆ కాగితం అలాగే పైకి పోతే ఆమె పని ఖాయం కాదు, షెడ్డులోంచి అటే ఇంటికి పోవాలి. ఇది నాకు తెలుసు. నోరు తెరవలేదు. నాకు టీ ఇచ్చారు. గ్లాసు సగం అయ్యేదాకా నోరు తెరవలేదని ఇక్కడ రాయకపోతే ఇంత రాసీ దండగ. నా సర్టిఫికెట్, నా పెళ్ళి, ఊళ్ళో నా పేరు, అన్నీ ఆ సగం గ్లాసులో గుర్తొచ్చాయి.

అక్క వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. మోచేతుల దాకా మట్టి. కింద ఏం జరిగిందో అప్పటికే తెలిసిపోయినట్టుంది. ముందు నాకేసి పైనుంచి కిందిదాకా చూసింది, అన్నీ సరిగ్గా ఉన్నాయా అని చూసుకున్నట్టు. ఆ తర్వాతే మేనేజరు వైపు తిరిగింది.

"లారీ మట్టి ఉండగా ఈ నల్లమట్టి ఎందుకు వాడావు?" అని అడిగాడు ఆయన.

"నేనే కలిపినాను సార్. నా సేతులే."

"ఎవరైనా చెప్పారా?"

అక్క నేలకేసి చూసింది. "నేనే కలిపినాను," అంది మళ్ళీ.

అంత భయంలో కూడా నన్ను ఇరికించలేదు. శుక్రవారం నేను నలుగురిలో నవ్వులపాలు చేసిన మనిషి, బడిలో ఇద్దరు పిల్లలున్న మనిషి, ఒక్క మాట అంటే బయటపడగలిగిన మనిషి. ఉప్పు మంటను మింగిందన్న ఆశ్చర్యం ఇంకా నాలో తీరనే లేదు. దానికంటే పెద్దది కళ్ళముందు నిలబడి ఉంది. నా చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"ఆమె వద్దంది సార్," అన్నాను. "నెర్రెలిస్తుందని చెప్పింది. నేనే బలవంతంగా చేయించాను. దట్టించేటప్పుడు పెద్దాయన కూడా చెప్పాడు. వినలేదు."

మేనేజరు గుమస్తా ముందున్న కాగితం తీసుకుని చింపి, కొత్తది నా ముందు పెట్టాడు. "నువ్వే రాయి," అన్నాడు. రాశాను.

మూడు నెలలు నా సర్టిఫికెట్ ఆపేశారు. ఆ మూడు నెలలూ ఎక్కడ పని చేయాలో మేనేజరే నిర్ణయించాడు. "మట్టి షెడ్డులో. ఆమె చెప్పినట్టు చెయ్యి," అన్నాడు. గని మొత్తం నవ్వుకుంది. కిందికి దిగేవాళ్ళు దారి మళ్ళి మరీ షెడ్డు ముందునుంచి పోయేవాళ్ళు, నన్ను చూడడానికి.

మొదటిరోజు అక్క నాకు ఒక పీట వేసి, "కూకో అప్పా," అంది, అంతే. ఆ పాత మాట ఎత్తలేదు, ఆ రోజూ ఎత్తలేదు, ఎప్పుడూ ఎత్తలేదు. పని మాత్రం నేర్పింది. మట్టిలో ఇసుక ఎంత కలిసిందో తెలియడానికి గుప్పిట్లో పిసికి చెవి దగ్గర పెట్టుకుని వినేది. కరకరమంటే చాలు. కడ్డీ చేసి నడుమెత్తు నుంచి నేలమీద వదిలేది. ముక్కలైతే తడి చాలదు, పచ్చడిలా పరుచుకుంటే తడి ఎక్కువ. ఆ తర్వాత, గని చెత్తలో ఏరుకున్న ఒక ఇనుప గొట్టం ముక్కలో దట్టించి, ఒక రోజంతా గాలికి పెట్టి, మర్నాడు తలకిందులుగా పట్టుకుని తట్టేది. జారి పడితే ఆ మట్టంతా పారబోసేది. ఇవేవీ ఎవరూ ఆమెకు నేర్పలేదు. నేను చదివిన పుస్తకాల్లో ఆ గొట్టం లేదు. ఇన్నాళ్ళుగా ఆమె చేస్తున్నది పరీక్షలని నాకు తెలియదు, ఆడుకుంటోందనుకున్నాను.

ఏడాది నిండాక ఆమె పని ఖాయమైంది. నేను మళ్ళీ కిందికి దిగాను. ఆ తర్వాత నేను పేల్చిన ప్రతి రంధ్రాన్నీ మూసింది ఆమె మట్టే. ఆమె రిటైరైన నెలలోనే నేనూ అయ్యాను. ఆమె ఎమ్మిగనూరులో చిన్నకూతురి దగ్గరుంది. నేను ఆదోనిలో ఇల్లు కట్టుకున్నాను.

మొన్న శ్రావణంలో వెళ్ళి చూసొచ్చాను. ఉరుకుంద ఈరన్న గుడి నుంచి తిరిగొచ్చే జనంతో బస్టాండు కిటకిటలాడుతోంది. ఆ జనంలోంచి బయటపడి ఇల్లు వెతుక్కుని వెళ్ళేసరికి, అక్క వాకిట్లో కూర్చుని మిరపకాయలు తొడిమలు తీస్తోంది. చూపు తగ్గింది, గొంతుతో పోల్చుకుంది. రొట్టె పెట్టింది. పిల్లల ముచ్చట్లు అయ్యాక, ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగని మాట అడిగింది.

"అప్పా, ఆ పొద్దు కింద వెలుతురు వచ్చిందంట కదా. ఎట్లుండె అది?"

అప్పుడు నాకు తట్టింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళను గనిలోకి దిగనిచ్చేవాళ్ళు కాదు. ఇన్నేళ్ళు మట్టి పిసికిన మనిషి, ఆ మట్టి వెళ్ళే చోటు ఒక్కసారి కూడా చూడలేదు. చీకటి ఎలా ఉంటుందో, రంధ్రం ఎలా ఉంటుందో, తన చేతి కడ్డీ వెనక ఏముంటుందో ఆమెకు తెలియదు. గొట్టం ముక్కలో దట్టించి, తలకిందులు చేసి తట్టి, మిగతాదంతా ఊహించుకుంది.

చెప్పాను. గోడ మీద పడిన కాంతి గురించి, బొగ్గు మెరిసిన సంగతి, పెదాల మీది ఉప్పు, దీపం నెత్తిన లేచిన నీలం టోపీ, అన్నీ. చేతిలో మిరపకాయ పట్టుకుని, తల వంచి, చిన్నపిల్ల కథ విన్నట్టు విన్నది.

"మళ్ళా ఎప్పుడన్నా సూసినావా, ఆ వెలుతురు?" అని అడిగింది.

"లేదక్కా," అన్నాను. "నీ మట్టి ఉన్నన్నాళ్ళూ ఎప్పుడూ సూడలే."

అక్క రెండు చేతులూ ఎత్తి, వేళ్ళు విడదీసి, తగ్గిన చూపుతో వాటికేసి చాలాసేపు చూసుకుంది.